పోయిన సీజన్ గీతలు ఈ సీజన్‌కు పనికొస్తాయా?

ప్రశ్న: అయ్యా, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు కర్మాగారంలో, నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. 3.1 కిలోల డబ్బాల్లో తోతాపురి గుజ్జు నింపే లైను మీద గంటకోసారి ఐదు డబ్బాలు (ఆ ఐదూ కలిపి ఒక సబ్‌గ్రూపు) తూచి ఎక్స్‌బార్-ఆర్ చార్ట్ వేస్తాం. అందులో ఒక చార్ట్ ఆ ఐదింటి సగటుకు, రెండోది వాటిలో ఎక్కువ, తక్కువ బరువుల మధ్య తేడాకు, అంటే రేంజ్‌కు. ఆఫీసు కంప్యూటర్‌లో మినీట్యాబ్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ ఉంది. లైను దగ్గర ఎక్సెల్ షీటు వాడతాం. చిక్కు ఏమిటంటే, రోజూ ఉదయం కొత్త బరువులు ఎక్కించి చార్ట్ తెరిచేసరికి పరిమితుల గీతలు కదిలిపోతున్నాయి. నిన్న గీత దాటి ఎర్రగా కనిపించిన చుక్క ఇవాళ లోపల బుద్ధిగా కూర్చుని ఉంటుంది. అడిగితే మా మేనేజర్ గారు "సాఫ్ట్‌వేరే లెక్క కడుతోంది కదా, మనం వేలు పెట్టడం ఎందుకు" అంటున్నారు. గీతలను ఒకసారి భద్రపరచి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చా? పోయిన సీజన్ పరిమితులు ఈ సీజన్‌లో చెల్లుతాయా? గుజ్జు తీపిని చూపే బ్రిక్స్ కొలత చార్ట్‌కు కూడా అదే పద్ధతా? మా లెక్కలు జతచేస్తున్నాను. అన్నట్టు, పోయిన ఏడాది వరసగా ఐదు డబ్బాలు తీసేవాళ్లం, ఈ ఏడాది ఫిల్లర్ (డబ్బాలు నింపే యంత్రం) ఒక్కో తల కింద నుంచి ఒక్కో డబ్బా తీస్తున్నాం.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నాకు పాత గ్రాఫు కాగితాలు గుర్తొచ్చాయి. నేను ఈ పనిలో చేరిన రోజుల్లో చార్ట్ అంటే యంత్రం పక్కన మేకుకు వేలాడే కాగితం. నెల మొదట్లో మా సీనియర్ ఒకాయన స్కేలు పెట్టి మధ్య గీతను నల్ల సిరాతో, పై పరిమితిని, కింది పరిమితిని ఎర్ర సిరాతో కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా గీసి ఇచ్చేవారు. చుక్క ఒక్కటీ పడకముందే గీతలు సిద్ధంగా ఉండేవి. నెలంతా వాటి మధ్య చుక్కలు పెట్టుకుంటూ పోవడమే మా పని. పాతిక సబ్‌గ్రూపుల లెక్క చేత్తో కట్టాలంటే ఒక పూట పడుతుంది కనుక, ఆ లెక్కను రోజూ మళ్లీ కట్టాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. ఆ బద్ధకం మాకు తెలియకుండానే మేలు చేసింది. ఇప్పుడు మీట నొక్కితే లెక్క అయిపోతుంది కాబట్టి ప్రతి ఉదయం అయిపోతోంది. మీ చిక్కంతా అక్కడే ఉంది.

నియంత్రణ చార్ట్ చేసే పనులు రెండు. మొదటిది వెనక్కి చూసే పని. కొన్నాళ్ల కొలతలు ఒక చోట పోసి, ఈ యంత్రం ఒక పద్ధతిలో నడిచిందా, మధ్యలో ఏదైనా జరిగిందా అని వెతకడం. దీన్ని మొదటి దశ అంటారు. అక్కడ పరిమితులు తాత్కాలికం. కారణం దొరికిన చుక్కలను తీసేసి మళ్లీ లెక్క కట్టడం మామూలే. రెండోది ముందుకు చూసే పని. యంత్రం తిన్నగా నడుస్తోందని తేలాక గీతలను నిలబెట్టి, ఇక వచ్చే ప్రతి సబ్‌గ్రూపునూ వాటికి ఎదురుగా నిలబెట్టడం. ఇది రెండో దశ. 1924 మే 16న అమెరికా గణాంక నిపుణుడు వాల్టర్ షూహార్ట్ తన పై అధికారికి ఒక పేజీ మెమోలో ఈ చార్ట్ బొమ్మ గీసి పంపారు. ఆయన మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానం మీద 1947-48లో మన దేశానికి వచ్చి ఈ విద్య గురించి మాట్లాడి వెళ్లారు కూడా. ఆనాటి నుంచీ రెండు పనులూ ఉన్నాయి. మీ సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరూ చెప్పకపోతే ఎప్పుడూ మొదటి పనే చేస్తుంది. మీరు ఎన్ని సబ్‌గ్రూపులు ఎక్కిస్తే అన్నిటినీ కలిపి పరిమితులు కడుతుంది. దాన్ని తప్పు పట్టడానికి లేదు. రెండో దశ మొదలైందని దానితో ఎవరూ అనలేదు, అంతే.

దీనివల్ల మీకు జరుగుతున్న నష్టం ఎంతో మీ అంకెలతోనే చూద్దాం. మీరు పంపిన మొదటి 25 సబ్‌గ్రూపుల సగటు 3,118 గ్రాములు, సగటు రేంజ్ 14 గ్రాములు. ఐదేసి డబ్బాల సబ్‌గ్రూపుకు గుణకం 0.577. దాన్ని 14తో గుణిస్తే 8.1. కనుక పై పరిమితి 3,126.1, కింది పరిమితి 3,109.9. రేంజ్ చార్ట్‌కు పై పరిమితి 2.114 రెట్లు, అంటే 29.6. ఇంతవరకు చక్కగా ఉంది.

తరువాతి 25 సబ్‌గ్రూపుల్లో సగటు 3,124కు పెరిగింది, రేంజ్ మారలేదు. అంటే డబ్బాకు ఆరు గ్రాములు ఎక్కువ పడుతోంది. మొదటి గీతలు అలాగే నిలబడి ఉంటే, ఇలా జరిగిన పక్షంలో సుమారు ఐదు చుక్కలకు ఒకటి పై గీత దాటాలి. దానికన్నా ముందే చుక్కలన్నీ మధ్య గీతకు పైన బారులు తీరి ఉండాలి. వరసగా ఎనిమిది ఒకే పక్క పడితే అనుమానించాలన్న నియమం మీ ల్యాబ్ గోడ మీదే ఉందని రాశారు కదా, ఆ ఎనిమిదీ ఒక షిఫ్టులోనే వచ్చేసేవి. ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్ చేసింది చూడండి. యాభై సబ్‌గ్రూపులనూ కలిపేసింది. మధ్య గీత 3,121కి జరిగింది, పై గీత 3,129 దాటింది. గీత దాటే చుక్కలు ఐదింట ఒకటి కాస్తా నూటికి మూడు అయ్యాయి. ఇంకో వింత కూడా ఉంది. యంత్రం బాగున్న రోజుల చుక్కలు ఇప్పుడు మధ్య గీతకు కింద గుంపుగా కనిపిస్తున్నాయి. పక్కదారి పట్టింది ఈ వారమైతే ముద్దాయిలా నిలబడింది పోయిన వారం. మీ మేనేజర్ గారికి నేను చెప్పే జవాబు కూడా ఇదే. పది వేల డబ్బాలకు ఆరేసి గ్రాములంటే అరవై కిలోల గుజ్జు ఊరికే పోయింది, చార్ట్ చూసి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: భద్రపరచవచ్చు అనడం తక్కువ మాట, భద్రపరచి తీరాలి. అయితే ఏమి భద్రపరచాలి అన్న దగ్గరే చాలామంది జారిపోతారు. పై గీత 3,126.1, కింది గీత 3,109.9 అని రెండు అంకెలు రాసుకుని అదే దాచుకోవడం అనుకుంటారు. ఆ రెండూ సరిపోవు. రేపు తూనిక దగ్గర మనిషి తక్కువై ఐదు డబ్బాల బదులు నాలుగే తూస్తే ఆ గీతలు చెల్లవు. మూల అంకెలు రెండు: సగటు, సిగ్మా. సిగ్మా, అంటే ప్రామాణిక విచలనం, ఒక్కో డబ్బా బరువు సగటుకు ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే అంకె. ఇక్కడ అది సగటు రేంజ్‌ను 2.326తో భాగిస్తే వచ్చేది, మీ లెక్కలో 6.02 గ్రాములు. ఈ రెండూ చేతిలో ఉంటే ఏ సబ్‌గ్రూపు పరిమాణానికైనా గీతలు మళ్లీ కట్టుకోవచ్చు. నాలుగు డబ్బాలకు వస్తే సిగ్మాకు మూడు రెట్లను రెండుతో, అంటే నాలుగు వర్గమూలంతో భాగించండి. 9.03 వస్తుంది. గీతలు 3,127.0కు, 3,109.0కు జరుగుతాయి. రేంజ్ చార్ట్ కూడా మారుతుంది. మధ్య గీత 12.4, పై పరిమితి 28.3. పాత గీతలనే ఉంచి నాలుగేసి డబ్బాలు తూస్తే లేనిపోని ఎర్ర చుక్కలు కొన్ని పుడతాయి, రేంజ్ చార్ట్ కాస్త మొద్దుబారుతుంది.

సిగ్మా ఎలా కట్టారన్నది కూడా పక్కన రాసి ఉంచండి. రేంజ్ నుంచి వచ్చిన సిగ్మా, సబ్‌గ్రూపుల విచలనాలను కలిపి కట్టిన సిగ్మా కొద్దిగా తేడాగా ఉంటాయి. మినీట్యాబ్‌లోనే చార్ట్ రకాన్ని బట్టి, మీరు ఎంచుకున్న పద్ధతిని బట్టి ఇది మారుతుంది. అన్నిటికంటే పెద్ద తప్పు అన్ని డబ్బాల బరువులనూ ఒకే వరుసగా తీసుకుని ఎక్సెల్‌లో ప్రామాణిక విచలనం కట్టి దాన్నే సిగ్మా అనుకోవడం. అందులో గంటకూ గంటకూ మధ్య జరిగిన కదలికలు కూడా కలిసిపోతాయి. సగటు జరిగిన వారం లెక్కలు అందులో ఉంటే గీతలు ఇంకా వెడల్పవుతాయి, చార్ట్ కళ్లు మూసుకుంటుంది.

ఇక మినీట్యాబ్‌లో పని. ఎక్స్‌బార్-ఆర్ చార్ట్ తెరిచే డైలాగ్‌లో 'ఎక్స్‌బార్-ఆర్ ఆప్షన్స్' అనే మీట ఉంటుంది. అందులో 'ఎస్టిమేట్' అనే చోట, లెక్కలోకి తీసుకోకూడని సబ్‌గ్రూపులను చెప్పవచ్చు. 'స్టోరేజ్' అనే చోట సగటు, ప్రామాణిక విచలనం పక్కన టిక్ పెడితే అవి వర్క్‌షీటులో నిలువు వరుసలుగా వచ్చి కూర్చుంటాయి. ఇది మొదటి దశలో ఒక్కసారి చేయాల్సిన పని. ఆ తరువాత రోజూ చార్ట్ వేసేటప్పుడు అదే ఆప్షన్స్‌లో 'పారామీటర్స్' అనే చోటికి వెళ్లి సగటు దగ్గర 3118, ప్రామాణిక విచలనం దగ్గర 6.02 ఇవ్వండి. ఇక ఎన్ని వందల సబ్‌గ్రూపులు ఎక్కించినా గీతలు కదలవు. అక్కడ ఇచ్చేది ఒక్కో డబ్బా విచలనమే. దాన్ని ఐదు వర్గమూలంతో భాగించే పని సాఫ్ట్‌వేర్ చేసుకుంటుంది. తెలియక ముందే భాగించి 2.69 ఇచ్చినవాళ్లను చూశాను. గీతలు సగానికి సగం ఇరుకై, షిఫ్టు మొత్తం ఎర్ర చుక్కలతో హోలీ ఆడినట్టు ఉంటుంది.

ఎక్సెల్‌లో జరుగుతున్న తప్పు నాకు మీ షీటు చూడకుండానే తెలుసు. మధ్య గీత గడిలో నిలువు వరుస మొత్తానికి సగటు కట్టే సూత్రం ఉంటుంది. కింద కొత్త బరువులు చేరిన కొద్దీ సగటు కదులుతుంది. ఆ గడిని కాపీ చేసి, 'పేస్ట్ స్పెషల్'లో 'వాల్యూస్' ఎంచుకుని వేరే షీటులో అతికించండి. ఆ షీటుకు 'పరిమితులు' అని పేరు పెట్టి తాళం వేయండి. చార్ట్ గీతలు ఆ షీటులోని గడుల నుంచే రావాలి. సూత్రంలో గడి పేరుకు డాలర్ గుర్తులు పెట్టడం మరవకండి. లేకపోతే సూత్రాన్ని కిందికి లాగినప్పుడు గడి కూడా కిందికి జారిపోతుంది.

మిగిలిన సాఫ్ట్‌వేర్‌లలోనూ దారి ఉంది, పేర్లే వేరు. జంప్‌లో 'సేవ్ లిమిట్స్', 'గెట్ లిమిట్స్' అని రెండు ఉంటాయి. సేవ్ చేసేటప్పుడు వరుసకే అంటించమంటే ఆ డేటా ఫైలుతోనే ఉండిపోతాయి కనుక, మరో ఫైలుకు వాడుకోవాలంటే కొత్త టేబుల్‌గా దాచమని చెప్పాలి. శాస్‌లో షూహార్ట్ పేరుతోనే ఒక ప్రొసీజర్ ఉంది. అందులో 'అవుట్‌లిమిట్స్' అంటే పరిమితులను ఒక డేటాసెట్‌గా రాసిపెడుతుంది, 'లిమిట్స్' అంటే దాన్నే తిరిగి చదువుతుంది. ఒక్కో సెట్టుకు ఒక్కో పేరు కూడా ఇచ్చుకోవచ్చు. ఆర్ భాషలోని క్యూసీసీ ప్యాకేజీ వాడేవాళ్లు పాత కొలతలను మొదట ఇచ్చి, కొత్తవి 'న్యూడేటా' కింద ఇస్తే చాలు, గీతలు పాతవాటి నుంచే కడుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. దాచిన పరిమితులను జంప్, శాస్ లాంటివి వరుస పేరు చూసి గుర్తుపడతాయి. పోయిన ఏడాది 'నికర బరువు' అని పెట్టి ఈ ఏడాది 'బరువు' అని పెడితే, దాచిన పరిమితులు ఎవరివో దానికి తెలియదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, అసలు ప్రశ్న. పోయిన సీజన్ గీతలు ఈ సీజన్‌లో వాడవచ్చా?

నన్ను అడిగితే పరిమితులు ఫైలుకు చెందినవి కావు, పనికి చెందినవి. అదే యంత్రం, అదే నాజిళ్లు, అదే తూనిక, అదే నమూనా పద్ధతి ఉన్నంతవరకు అవి చెల్లుతాయి. వాటిలో ఒకటి మారినా ఫైలు పేరు ఎంత అందంగా ఉన్నా చెల్లవు. మీ లైను ఆగస్టు తరువాత ఆగిపోయి మళ్లీ జూన్ దాకా దుమ్ము పట్టి ఉంటుంది. మధ్యలో ఫిల్లర్‌ను విప్పి వాషర్లు మార్చి ఉంటారు. కనుక కళ్లు మూసుకుని వాడవద్దు, పారేయనూ వద్దు. సీజన్ మొదలయ్యాక యంత్రం కుదుటపడే మొదటి రెండు మూడు రోజులు వదిలేయండి. తరువాత వచ్చే పది పదిహేను సబ్‌గ్రూపులను పాత గీతల మీదే పెట్టి చూడండి. ముందు రేంజ్ చార్ట్ చూడాలి. అది లోపలే ఉండి, పాత మధ్య గీతకు రెండు వైపులా పడుతుంటే సిగ్మా మారలేదని నమ్మవచ్చు. సగటు చార్ట్ కూడా అలాగే ఉంటే పాత గీతలతోనే సీజన్ నడిపించండి. రేంజ్ పెరిగి కనిపిస్తే గీతలు మార్చడానికి తొందరపడకుండా ఫిట్టర్‌ను పిలవండి.

మీ ఉత్తరం చివర ఒక మాట అన్నారు, "పోయిన ఏడాది వరసగా ఐదు డబ్బాలు తీసేవాళ్లం, ఈ ఏడాది ఫిల్లర్ ఒక్కో తల కింద నుంచి ఒక్కో డబ్బా తీస్తున్నాం" అని. దాన్ని చిన్న విషయంలా రాశారు కానీ, నాకు ఉత్తరం మొత్తంలో అదే పెద్ద విషయంగా కనిపించింది. సబ్‌గ్రూపు పరిమాణం రెండుసార్లూ ఐదే. అయినా రేంజ్‌కు అర్థం మారిపోయింది. పోయిన ఏడాది ఏ డబ్బా ఏ తల కింద నిండేదో తెలియదు గానీ, ఇప్పుడు మాత్రం తలల మధ్య తేడా మొత్తం రేంజ్‌లోకి వచ్చి చేరుతుంది. ఒక తల ఎప్పుడూ పది గ్రాములు ఎక్కువ పోస్తుంటే ఆ పదీ ప్రతి గంటా రేంజ్‌లో ఉంటుంది. దానితో గీతలు కడితే సగటు చార్ట్ వెడల్పై ఏమీ పట్టుకోదు, చుక్కలన్నీ మధ్య గీతను కావలించుకుని కూర్చుంటాయి. అలా కూర్చుంటే అది మంచి సంగతి అని సంబరపడేవాళ్లూ ఉన్నారు. నా సలహా, తలకొక డబ్బా తీయడం ఆపనక్కర్లేదు, కానీ రోజుకోసారి తలలను విడివిడిగా పోల్చి సరిచేయించండి, గంట చార్ట్‌కు పోయిన ఏటి పద్ధతినే ఉంచండి. పోయిన ఏటి సిగ్మా అప్పుడే పనికొస్తుంది.

సీజన్ మధ్యలో గీతలను ఎప్పుడు మార్చాలి? తిరుమల లడ్డూకు దిట్టం ఉంటుందని మీకు తెలిసిందే. ఏ దినుసు ఎంత అన్న కొలతల పట్టిక. పోటులో, అంటే లడ్డూలు చేసే వంటశాలలో, ఇవాళ్టి లడ్డూ కాస్త మెత్తబడిందని రేపటి దిట్టాన్ని ఎవరూ తిరగరాయరు. మార్చాలంటే పైనుంచి నిర్ణయం జరగాలి, కాగితం మీదికి ఎక్కాలి. మీ గీతలకూ అంత గట్టితనం కావాలి. పోలిక మాత్రం ఇక్కడితో ఆపుతున్నాను. దిట్టం మనం విధించేది, పరిమితులు యంత్రం తన గురించి తాను చెప్పేవి. యంత్రం నిజంగా మారింది అని చుక్కలు చూపించాలి, ఎందుకు మారిందో మనకు తెలియాలి, ఆ మార్పు మనకు కావలసినదై ఉండాలి, ఇకముందు అలాగే ఉండబోతుందన్న నమ్మకం ఉండాలి. ఈ నాలుగూ ఉంటేనే కొత్త గీతలు. నాజిళ్లు మార్చాక రేంజ్ 14 నుంచి 9కి తగ్గిందనుకోండి, అప్పుడు పాతిక సబ్‌గ్రూపులు ఆగి, కొత్త సిగ్మా కట్టి, తేదీ వేసి నిలబెట్టండి. సగటు ఊరికే ఆరు గ్రాములు పెరిగిందనుకోండి, ఎందుకో తెలియదు, అక్కరా లేదు. అప్పుడు మార్చవలసింది గీతలను కాదు, ఫిల్లర్ అమరికను.

చుక్కలు తీసేయడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి దశలో 7వ సబ్‌గ్రూపు గీత దాటింది కనుక తీసేశాం అని మీ షీటులో రాసి ఉంది. ఎర్రగా ఉండటం తీసేయడానికి కారణం కాదు. ఆ గంట కరెంటు పోయి జనరేటర్ మీద నడిచిందనో, గుజ్జు ట్యాంకు అడుగుకు వచ్చి గాలి చేరిందనో తెలిస్తే తీసేయవచ్చు. తెలియకపోతే ఉంచండి. మూడు సిగ్మాల గీతల మధ్య అన్నీ సవ్యంగా ఉన్నా, సుమారు 370 చుక్కలకు ఒకటి వాటంతటవే దాటుతుంది. నచ్చని చుక్కలన్నీ ఏరేస్తూ పోతే, మిగిలిన వాటితో కట్టిన గీతలు అంత ఇరుకై ఇక రోజూ గొడవే.

మూడోది, బ్రిక్స్. ఇక్కడ నా జవాబు మారుతుంది.

డబ్బా బరువు యంత్రం చేతిలో ఉంది. సహజ గుజ్జు బ్రిక్స్ చెట్టు చేతిలో ఉంది. సీజన్ మొదట్లో దిగే కాయకూ జూలై ఆఖరులో వచ్చే పండుకూ తీపిలో తేడా ఎంతో నాకంటే మీకే బాగా తెలుసు. దామలచెరువు మండీ నుంచి వచ్చిన లోడు ఒకలా, బంగారుపాళ్యం నుంచి వచ్చినది ఒకలా ఉండవచ్చు. మీరు బ్యాచ్‌కు ఒక కొలత తీసి వేసిన చార్ట్‌లో సగటు 14.9, పక్కపక్క కొలతల మధ్య సగటు తేడా 0.3. ఒక్కో కొలత చార్ట్‌కు గుణకం 2.66 కనుక పరిమితులు 14.1, 15.7. జూన్ రెండో వారంలో కట్టిన ఈ గీతలను దాచిపెట్టి జూలైలో వాడితే, పండు బాగా పండినందుకే మీ చార్ట్ అలారం కొడుతుంది. పోయిన ఏటివి వాడితే, వాన ఎక్కువ పడిన ఏడాదికీ ఎండ ఎక్కువ కాసిన ఏడాదికీ మధ్య తగవు తీర్చమని సాఫ్ట్‌వేర్‌ను అడిగినట్టు అవుతుంది. అలాగని రోజూ గీతలు కదిలితే పైన చెప్పిన జబ్బే తిరిగి వస్తుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది. గుజ్జు బ్రిక్స్‌ను కాకుండా, తేడాను చార్ట్ మీద పెట్టండి. ఒక లాట్ పండ్లు లోపలికి వచ్చేటప్పుడు నమూనా తీసి రిఫ్రాక్టోమీటర్‌తో చూసిన బ్రిక్స్, అదే లాట్ గుజ్జై బయటికి వచ్చాక చూసిన బ్రిక్స్, రెండింటి మధ్య తేడా. పండు తీపి పెరిగినా తగ్గినా రెండు కొలతలూ కలిసే కదులుతాయి. తేడా మాత్రం లైను చేతిలో ఉంటుంది. గొట్టాలు కడిగిన నీళ్లు సరిగ్గా బయటికి పోకుండా గుజ్జులో కలిస్తే ఆ తేడా ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ తేడాకు కట్టిన పరిమితులను నిశ్చింతగా దాచుకోవచ్చు, సీజన్లు దాటించి కూడా. పండ్ల నమూనా మాత్రం నాలుగు కాయలతో సరిపెట్టకండి. లారీ పైన, మధ్య, అడుగు నుంచి తీసినవి కలపాలి. లేకపోతే నమూనా తేడాయే లైను తేడాను మింగేస్తుంది. గాఢ గుజ్జు సంగతి వేరు. దాన్ని 28 బ్రిక్స్‌కు తెచ్చేది ఇవాపరేటర్ కనుక అది మళ్లీ యంత్రం లెక్కలోకే వస్తుంది, బరువు చార్ట్‌లాగే చూసుకోండి.

బరువు చార్ట్ మీద 3,100 గ్రాముల దగ్గర ఎవరో ఆకుపచ్చ గీత కూడా గీశారు. దాన్ని దయచేసి చెరిపేయించండి. డబ్బా మీద అచ్చయిన బరువు ఒక్కో డబ్బాకు వర్తించే మాట. చార్ట్ మీద ఉన్నవి ఐదేసి డబ్బాల సగటులు. సగటు 3,105 దగ్గర హాయిగా కనిపిస్తున్నప్పుడు కూడా వాటిలో కొన్ని డబ్బాలు 3,100 కింద ఉంటాయి. మీ సగటు 3,118 దగ్గర ఉన్నప్పుడు ఆ హద్దు మూడు సిగ్మాల దూరంలో ఉంది, వెయ్యి డబ్బాలకు ఒకటో రెండో కింద పడతాయి. అంతకంటే సగటు తగ్గించి గుజ్జు మిగుల్చుకోవాలంటే ముందు సిగ్మా తగ్గించాలి. మీ మేనేజర్ గారికి ఈ వాక్యం ఎక్కువ నచ్చవచ్చు.

దాచే చోటు గురించి నా అనుభవం ఒకటి. రేణిగుంట వైపు ఒక కర్మాగారంలో కొన్నాళ్లు సలహాదారుగా వెళ్లేవాడిని. అక్కడ పరిమితుల ఫైలు ఒక్కటే ఉండేది, అదీ ఒక ఇంజినీరు ల్యాప్‌టాప్‌లో. ఆయన ఉద్యోగం మారి వెళ్లారు, ల్యాప్‌టాప్‌ను తుడిచి మరొకరికి ఇచ్చేశారు. ఎవరికీ అంకెలు గుర్తులేవు. చివరికి గోడకు అంటించిన పాత ప్రింటు మీద గీతలను స్కేలుతో కొలిచి సగటును, సిగ్మాను రాబట్టాం. అదే చోట మరోసారి కొత్త తూనిక యంత్రం వచ్చింది. పాతది గ్రాముల్లో చూపేది, ఇది కిలోల్లో. దాచిన గీతలు వేలల్లో, చుక్కలన్నీ సున్నా పక్కన నేల మీద పడుకున్నాయి. అందరం నవ్వుకున్నాం గానీ, షిఫ్టు ఇన్‌చార్జి మాత్రం యంత్రం ఆపేసి ఫిట్టర్‌ను పిలిపించాడు పాపం.

అందుకని సగటు, సిగ్మా పక్కనే మరికొన్ని నిలువు వరుసలు పెట్టండి. ఏ లైను, ఏ ఉత్పత్తి, ఏ ప్రమాణంలో కొలత, సబ్‌గ్రూపుకు ఎన్ని డబ్బాలు, వాటిని ఎలా తీశారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కొలతలతో కట్టారు, ఏ సబ్‌గ్రూపు ఎందుకు తీసేశారు, ఎవరు ఒప్పుకున్నారు. పాత వరుసను చెరపకుండా కొత్తది దాని కిందే రాయండి. ఆడిటర్ వస్తే "ఈ గీతలు నిరుటివి కదా" అని తప్పకుండా అడుగుతారు. మీ మేనేజర్ గారి భయం అదేనేమో. ఈ పట్టిక తెరిచి చూపించి, సీజన్ మొదట్లో పాత గీతల మీద పెట్టి చూసిన పదిహేను సబ్‌గ్రూపుల చార్ట్‌ను పక్కన పెట్టండి. రోజూ కదిలే గీతలకు మీ దగ్గర చూపించడానికి ఏ కాగితమూ లేదని ఆయనకే తెలుస్తుంది.

ఈ వారమే మొదలుపెట్టాలనుకుంటే, 3,124కు జరిగిన ఆ రెండో పాతికను లెక్కలోంచి పక్కన పెట్టి, మొదటి 25 సబ్‌గ్రూపుల అంకెలనే పారామీటర్స్‌లో ఇవ్వండి. ఆ 25 సబ్‌గ్రూపులు వరసగా డబ్బాలు తీసినవో, తలకొకటి తీసినవో ముందు లాగ్ పుస్తకంలో చూసి నిర్ధారించుకోండి. తలకొకటి అయితే ఆ అంకెలు వద్దు, పోయిన సీజన్ సిగ్మాను తెచ్చుకోండి. ఫిల్లర్ తలలను సరిచేయించాక వచ్చే చుక్కలను నాకు పంపితే చూస్తాను.